స్పేసర్ మీద నిలిచే ఆవేశం

అధ్యక్షుడు ముందు మాట్లాడి తరువాత అందరి మాటా వినడం మన సభల రివాజు. అందుకే గ్యాస్ ఇన్సులేటెడ్ స్విచ్‌గేర్ (జీఐఎస్)లో ఒక్క భాగం గురించే చెప్పి ఊరుకుంటాను. అది స్పేసర్.

అల్యూమినియం గొట్టం, నడుమ కండక్టరు, చుట్టూ పీడనంతో నింపిన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ (ఎస్‌ఎఫ్6) వాయువు. అదే పీడనంలో గాలికన్నా ఈ వాయువు రెండున్నర, మూడు రెట్ల వోల్టేజీ తట్టుకుంటుంది. కానీ కండక్టరును ఏదో ఒకటి మోయాలి కదా! ఆ పని అల్యూమినా పొడి కలిపి పోతపోసిన ఎపాక్సీ స్పేసర్‌ది. వాయువు, లోహం, ఎపాక్సీ కలిసే అంచు అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది.

ఏసీలో ధ్రువత క్షణక్షణం మారుతుంది కనుక స్పేసర్ మీద ఆవేశం కుదురుకోదు. అలాగని ఏసీ వాళ్లు నిశ్చింతగా ఉండటానికి లేదు. ఐసొలేటర్ తెరిచాక విడిపడిన బస్‌బార్ ముక్క మీద వోల్టేజీ చిక్కుకుపోయి, కారే దారి లేక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది. అంతసేపూ ఆ స్పేసర్ భరించేది డీసీనే.

అసలు డీసీలో స్విచ్ వేసిన క్షణాన క్షేత్రాన్ని పంచేది పర్మిటివిటీ. పోనుపోను వాహకత్వం ఆ పెత్తనం తీసుకుంటుంది. ఆ మార్పుకు ఎంతకాలం పడుతుంది? సాపేక్ష పర్మిటివిటీ 5, నిరోధకత ఒకటి పక్కన 16 సున్నాల ఓమ్-మీటర్లు అనుకుని లెక్కేయండి: సుమారు 5 రోజులు. నిరోధకత పదిరెట్లయితే 50 రోజులు! ఈలోగా ఎపాక్సీ లోపలి నుంచి, ఉపరితలం వెంట, వాయువులోని అయాన్ల ద్వారా ఆవేశం చేరుతూనే ఉంటుంది. లోడుతో కండక్టరు వేడెక్కితే దాని పక్కనున్న ఎపాక్సీ వాహకత్వం పెరిగి, క్షేత్రం గొట్టం వైపు జరుగుతుంది. పాత తరహా హై వోల్టేజీ డీసీ (హెచ్‌వీడీసీ) లైన్లలో విద్యుత్ ప్రవాహ దిశ మార్చాలంటే ధ్రువత తిప్పాలి. అప్పుడు పాత ఆవేశం కదలకుండా కొత్త వోల్టేజీకి తోడై కూర్చుంటుంది. ఫ్లాష్‌ఓవర్‌కు అంతకన్నా అనువైన సమయం ఏముంటుంది?

ఈ ఆవేశాన్ని కంటితో చూసే ఉపాయం పాతదే. 1777లో గొట్టింగెన్‌లో భౌతికశాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ గుగ్గిలపు పలక మీద ధూళి పేరుకున్న బొమ్మలు గమనించాడు. గంధకం, సిందూరం కలిపి జల్లితే పసుపు రంగు గంధకం ధనావేశానికి, ఎర్రని సిందూరం రుణావేశానికి అంటుకుంటాయి. నేటికీ ల్యాబుల్లో స్పేసర్ మీద పొడి చల్లి చూస్తున్నారు. అంకెలు కావాలంటే మాత్రం ఉపరితలం మీదుగా ప్రోబ్ తిప్పాలి.

ఎస్‌ఎఫ్6 కార్బన్ డయాక్సైడ్ కన్నా 20 వేల రెట్లకు పైగా భూతాపం పెంచుతుంది. దాన్ని మార్చక తప్పదు. వాయువు మారినా స్పేసర్ ఉంటుంది, ఆవేశమూ ఉంటుంది.

నా ఫిర్యాదల్లా పరీక్షల మీదే. నిమిషం పాటు వోల్టేజీ పెట్టి నెగ్గిందనడం డీసీకి చాలదు. క్షేత్రం స్థిరపడే దాకా ఆగి, ఆపైన ఇంపల్స్ వేసి చూడాలి. ఖర్చవుతుంది, కాలమూ పడుతుంది. అయినా తప్పదు.

పత్రసమర్పకులకు ఒక మనవి: ఫ్లాష్‌ఓవర్ వోల్టేజీ చెప్పేటప్పుడు, దానికి ముందు డీసీ ఎన్ని గంటలు ఉంచారో, ఏ ధ్రువతలో ఉంచారో, కండక్టరు ఎంత వేడిగా ఉందో కూడా చెప్పండి.