పొలముకాపునకును పందుల తరుమునకును పోవువారు తీసికొనవలసిన జాగ్రత్తలు

(రైతుల కొఱకు ఉపన్యాసము)



వేరుసెనగ ఊడలు దిగునప్పుడును, మొక్కజొన్న కంకి పాలుపోసికొనునప్పుడును అడవిపందులు రాత్రివేళ చేలపై బడి, నెలల కష్టమును ఒక్క జాములో పాడుచేయును. అందుచేత పట్టాదారులు గాని, వారి జీతగాండ్రు గాని మంచెలమీద కాపుండుటయు, డప్పులు మ్రోగించి పందులను తరుముటయు పల్లెలలో వాడుక. ఈ పనికి పోవు రైతు పందికోరకు భయపడును గాని, దారిలో వెంటబడు కుక్కను లెక్కసేయడు. పందికోర గాయము అందఱి కంటను బడును. వెంటనే చికిత్స జరుగును. కుక్కపంటి గీటు నాలుగు దినములలో మానిపోయి, మఱవబడి, తఱచుగా రెండుమూడు మాసములకు ప్రాణము దీయును.

చట్టము

పూర్వకాలమున వేట వినోదముగా నుండెను. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట అనుమతి లేక అడవిమృగమును చంపుట నేరము. పంటను నాశనముచేయు పందుల విషయమున అటవీశాఖవారి లిఖితపూర్వకమైన అనుమతి పొందవలయును. చేని చుట్టును విద్యుత్తు తీగ గట్టుట ఎన్నడును తగదు. ఆ తీగకు పందియు, పొరుగువాని ఎద్దును, తెల్లవారుజామున మడికి నీరుపెట్ట వచ్చిన మనుష్యుడును ఒక్కటే.

బయలుదేరునప్పుడు

ఒంటరిగా పోరాదు. ఇద్దఱు కలిసి, దీపము, పొడుగైన కఱ్ఱ, గొంగళి తీసికొని, కాళ్లకు చెప్పులు తొడిగి పోవలయును. పొలమున నేలమీద పండుకొనరాదు. కట్లపాము రాత్రి నిద్రించువారిని కఱచును, ఆ కాటునకు నొప్పి యంతగా తెలియదు. పాము కఱచినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట మాని, కాటుబడిన అవయవమును కదలనీయక ఆసుపత్రికి కొనిపోవలయును. పిల్లలతో నున్న పందికిని, గాయపడి పొదలో దూరిన పందికిని ఎదురు పోరాదు. దానికి తప్పించుకొను దారి విడువవలయును.

కుక్కలు ఎదురైనప్పుడు

పరుగెత్తిన మనుష్యుని కుక్క తఱుమును. కావున నిలిచి, దాని కన్నులలోనికి చూడక, కఱ్ఱనో గొంగళినో ముందు పట్టుకొని, మెల్లగా వెనుకకు అడుగులు వేయవలయును. క్రింద బడినచో ముడుచుకొని, మెడను, చెవులను చేతులతో కప్పుకొనవలయును. చచ్చిన పశువులను ఊరిబయట పాఱవేయుటచేత కుక్కలు గుంపుగూడి కఱవ నేర్చును. వానిని లోతుగా పూడ్చిపెట్టవలయును. కాపునకు వెంటబోవు పెంపుడు కుక్కలకు ఏటేట టీకా వేయింపవలయును. అవి అడవిలో నక్కలతో కలియబడి వ్యాధిని ఊరిలోనికి దెచ్చును. ఎద్దు చొంగ కార్చుచు మేత మ్రింగలేకున్నచో, గొంతులో ఏదో యడ్డుపడినదని నోటిలో చేయి పెట్టరాదు. అదియు ఈ వ్యాధియే కావచ్చును. పశువైద్యుని పిలువవలయును.

కఱచినప్పుడు

కుక్కగాని, నక్కగాని కఱచినను, గీఱినను, గాయమును సబ్బుతో, పాఱు నీటిక్రింద 15 నిమిషములు కడుగవలయును. పొలముమీది మోటారునీరైనను మంచిదే. కారము, సున్నము, పసరు మొదలగునవి పూయరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలయును. వ్యాధివిషము నరముల వెంబడి మెదడునకు ప్రాకును; అది చేరకమునుపే టీకా పనిచేయవలయును. వ్యాధి బయటపడిన పిమ్మట బ్రదికినవారు మిక్కిలి అరుదు.

టీకా యనగా బొడ్డుచుట్టు పొడుచు సూదులని భయపడి దాగువారు నేటికిని కలరు. ఆ పాతరకపు టీకా మనదేశమున 2005 నాటికే నిలిచిపోయెను. ఇప్పుడు సర్కారు ఆసుపత్రులలో భుజమునకు, మొదటి దినమునను, ఆపై 3, 7, 28 దినములకును వేయుదురు. రక్తము వచ్చిన గాయమైనచో గాయములోనే వేయు మందు వేఱుగ నుండును. దానిని అడిగి వేయించుకొనవలయును. 1885లో పాశ్చరు పండితుడు ఈ చికిత్సను మొదట మనుష్యునకు చేసెను. 1907లో నీలగిరులలోని కూనూరున పాశ్చరు సంస్థ ఏర్పడినప్పుడు ప్రజలు దూరప్రయాణము చేసి అచ్చటికి పోయెడివారు. నేడది సర్కారు ఆసుపత్రిలోనే దొరకుచుండగా అశ్రద్ధచేత ప్రాణము పోగొట్టుకొనుట తగునా?

పట్టాదారుల ధర్మము

రాత్రి మంచెమీద నుండువాడు సాధారణముగా పట్టాదారు కాడు, జీతగాడు. కూలి పోవునను భయముచేత వాడు కాటును దాచును. రెండవ సూదితోనే వైద్యము మానును. కావున పట్టాదారు ప్రతి ఉదయము కాపువారిని విచారించి, కాటుబడినవానిని తానే బండిమీద పంపవలయును. ఆసుపత్రికి పోవు నాలుగు దినముల కూలిని కోయరాదు. 28వ దినము గోడమీద వ్రాసియుంచి, ఆనాడు వానిని మఱల పంపవలయును. పంటలో నొక మూల పంది తిన్నను మఱు సంవత్సరము విత్తిన పండును. కాపువాడు పోయినచో వాని యింటికి మఱల రాడు.