ఐర్లండువారి విందు దీవెనలు



వివాహాది శుభకార్యములందు పెద్దలు అక్షతలు చల్లి "దీర్ఘాయురస్తు" అని దీవించుట మనకు చిరపరిచితము. నేడు నేను ఐర్లండు దేశమున విందులయందు పలుకు దీవెనలను గూర్చి మీకు మనవి చేయదలచితిని. ఆ దేశము తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు 1913 మొదలు 1916 వఱకు ఆ దేశపు డబ్లిన్ నగరమున న్యాయశాస్త్ర మభ్యసించిరి. పిమ్మట 1969లో వారు భారత రాష్ట్రపతి పదవి నలంకరించిరి.

కొంతకాలము క్రిందట నేను ఆ దేశపు పశ్చిమభాగమున, మేయో జిల్లాలోని యొక పల్లెలో జరిగిన వివాహమునకు పోయితిని. భోజనములు ముగియుచుండగా వధువు తండ్రి లేచి నిలిచెను. అందఱును మాటలు మానిరి. ఆయన చేతనున్న పాత్ర నెత్తి, దంపతులవంక చూచి, నాలుగు మాటలు పలికి, తుదకు "స్లాంచ" అనెను. బంధువులందఱును ఆ మాటనే మరల పలికి ఒక గ్రుక్క త్రాగిరి. స్లాంచ యనగా ఆ దేశభాషలో ఆరోగ్యమని యర్థము. పాత్రలో మద్యమే యుండవలెనని నిర్బంధము లేదు. 1838లో కార్కు నగరమున మాథ్యూ అను క్రైస్తవ గురువు మద్యపాన నిరోధమునకు పూనుకొనగా, లక్షలకొలది జనులు త్రాగమని ప్రతిజ్ఞ చేసిరట. నేను మంచినీరే త్రాగితిని, ఎవరును ఆక్షేపింపలేదు.

తరువాత నా ప్రక్కనున్న వృద్ధుడు లేచి, పూర్వాచారము ననుసరించి వరుని దీవించెను. బ్రతికినంతకాలము ఆరోగ్యము, మనసునకు నచ్చిన యిల్లాలు, కౌలు లేని భూమి, ఐర్లండులోనే మరణము కలుగుగాక యని దాని భావము. మొదటి రెండును విని సంతోషించితిని. మూడవది విని ఆశ్చర్యపడితిని. నాలుగవది విన్నంతనే నా మనస్సు చివుక్కుమన్నది. పెండ్లిలో చావుమాట యెత్తుదురా? మన యిండ్లలో నైనచో అట్టివానిని నోరు మూయుమందుము. నా మొగము చూచి ఆ వృద్ధుడు మెల్లగా సంగతి చెప్పెను.

ఆ దేశపు రైతులు బహుకాలము పరుల భూములను కౌలునకు దున్నిరి. 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి ఘోరమైన కఱవు వచ్చెను. 1852 వఱకు దాని బాధ తీరలేదు. సుమారు పది లక్షలమంది మరణించిరి; మఱి పది లక్షలమంది యైనను ఓడలెక్కి దేశము విడిచిరి. కౌలు చెల్లింపలేనివారిని ఇండ్లనుండి వెడలగొట్టిరి. ఆ మేయో జిల్లాలోనే 1846లో జన్మించిన మైకేల్ డావిట్ నాలుగేండ్ల బాలుడై యుండగా ఆయన కుటుంబమునకును అట్టి గతియే పట్టెను. ఆయన పెద్దవాడై 1879లో రైతుల భూసంఘమును స్థాపించుటకు మూలపురుషు డయ్యెను. 1903 నాటి చట్టముతో ఎందఱో రైతులు ప్రభుత్వమిచ్చిన ఋణముచే తాము దున్ను నేలనే కొనగలిగిరి.

"అయ్యా, పూర్వము అమెరికా పోవు బిడ్డ కొఱకు, ముందునాటి రాత్రి, శవము చెంత చేసినట్లే జాగరణము చేసెడివారు. మరల కన్నుల జూతుమను ఆశ యుండెడిది కాదు. మా తాతగారి తోబుట్టువు లేడుగురిలో అయిదుగు రట్లు పోయినవారే. ఒక్కరును తిరిగి రాలేదు. ఈ నేలమీద చావుమనుట, ఈ నేలమీదనే బ్రదుకుమనుట" అని ఆ వృద్ధుడు కన్నులు తుడుచుకొనెను.

అప్పుడు నాకు బోధపడినది. ఏ జాతి దేనికై మొగము వాచియుండునో అదియే దాని దీవెనలలో నిలుచును. ఆ మాటలు అలంకారము కొఱకు పుట్టినవి కావు. పోగొట్టుకొన్నవారి నోట పుట్టినవి.

ఇంతలో నన్నును దీవింపుమనిరి. నేను వ్రాసికొనిపోయిన ఇంగ్లీషు ఉపన్యాసమును జేబులోనే యుంచి, తెలుగున, "మీ బిడ్డలు మీ కన్నులయెదుటనే వర్ధిల్లుదురుగాక" అని పలికి, దాని యర్థము చెప్పితిని. వృద్ధుడు నా చేయి పట్టుకొనెను.

పండుగదినములలో ఆ జనులు పలుకు దీవెన మఱియొకటి కలదు. వచ్చు నేటికి ఈ వేళకు మనమందఱము సజీవులమై యుందుముగాక యని దాని భావము. దానినే మీకు సమర్పించి సెలవు గైకొనుచున్నాను.