నాలుకకు తెలియని నీళ్లు

(పెద్దారవీడులో చేసిన ప్రసంగ పాఠం)



కన్ను, ముక్కు, చెవి, నాలుక, చర్మం పంచేంద్రియాలని మేం బడిలో చెప్తుంటాం. పరీక్షలో రెండు మార్కులు. ఆ పాఠంలో రాయనిది ఒకటుంది. కన్ను వెలుతుర్ని పట్టి మెదడుకు పంపుతుంది, అంతే. అదేమిటో, మంచిదో చెడ్డదో తేల్చేది మెదడు. తేల్చడం నేర్పేది ఊరు.

మా చిన్నప్పుడు టీ హోటల్లో మాకు గ్లాసు వేరే. బయట చూరులో దోపి ఉండేది. తాగి, మేమే కడిగి, మళ్లీ అక్కడే దోపాలి. రెండు గ్లాసుల్లోనూ ఒకే గిన్నెలో కాచిన టీ. ఏ నాలుకా తేడా చెప్పలేదు. మన చెయ్యి తగిలితే ఎదుటోడి చర్మానికి తెలిసేది ఒత్తిడి, వేడి, చలి, నొప్పి. మైల తెలిసే నరం ఏ ఒంట్లోనూ లేదు. డాక్టర్లు కోసి చూశారు, దొరకలా!

లేనిదాన్ని అట్లా పసిగట్టారు గదా, మరి ఉన్నదాని సంగతేంది? మన మార్కాపురం, కనిగిరి వైపు చాలా బోర్లలో ఫ్లోరైడు ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచీ లేదు. ఉప్పు నీళ్లయితే నాలుక పట్టేస్తుంది. అందుకే మనోళ్లు ‘ఈ బోరు తియ్యగుంది’ అని బిందె పెడతారు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5. మించితే పిల్లల పళ్లకు గార. ఏళ్లు గడిస్తే కీళ్లు బిగుసుకుని నడుం ఒంగిపోతుంది. కాచినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

మన దేశంలో ఈ జబ్బు గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. కాడెద్దులు నడవలేక కుంటడం రైతులు అంతకుముందే చూశారంటారు. అంటే ఎనభై ఏళ్లు దాటిపోయింది. 1927లో మహద్ చెరువులో బాబాసాహెబు దోసిలి పట్టింది నీళ్లు ముట్టే హక్కు కోసం. ఇప్పుడు ఆ నీళ్లల్లో ఏముందో మనకు చెప్పమని అడుగుతున్నాం.

దాన్ని కంటికి చూపించే మందు ఉంది. జిర్కోనియం కలిపిన ఎర్రటి మందు పోస్తే, ఫ్లోరైడు పెరిగేకొద్దీ రంగు పసుపుకు తిరుగుతుంది. వచ్చే ఆదివారం ప్రతి పల్లె నుంచీ ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తెండి, గాజుది వద్దు. ఏ బోరుదో సీసా మీద రాయండి. తేలిన అంకెను ఆ బోరు దిమ్మె మీదే పెద్దక్షరాలతో రాద్దాం.