పెరటి కోళ్లకు పిండి పురుగులు

(మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

పెరట్లో నాలుగు కోళ్లున్న ఇల్లాలికి గుడ్ల డబ్బు తన సొంత డబ్బు. పిల్లలకు పుస్తకాలో, తనకో రవికె గుడ్డో కొనాలంటే ఎవరినీ అడగనక్కరలేదు. అయితే ఆ రాబడికి గండి పడేది కోడిపిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడే. గద్ద, పిల్లి ఎత్తుకుపోయినవి పోగా, బలమైన తిండి లేక కుంగిపోయేవి కొన్ని. మనం వేసేది నూకలూ, తవుడూ. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లు. ఎదిగే పిల్ల మేతలో సుమారు 20 పాళ్లుండాలి. ఈ లోటు తీర్చడానికి పురుగు మంచి ఆహారం.

మన పెద్దలకిది కొత్త సంగతేం కాదు. పుట్ట తవ్వి చెదలు తెచ్చి కోడిపిల్లల ముందు పోయడం ఊళ్లలో ఉన్నదే. కానీ చెదలు కావలసినప్పుడల్లా దొరకవు గదా! అందుకే ఇంట్లో పెంచుకోదగిన పిండి పురుగును గురించి చెబుతాను. దీన్ని మీల్‌వార్మ్ అంటారు. “అమ్మో, ఇంట్లో పురుగులా!” అని ముఖం చిట్లించకండి. హిందూపురం వైపు పట్టుపురుగులను ఇళ్లలో పెంచడం లేదూ? ఐరోపా సమాఖ్యలో కూడా 2021లో కోళ్ల దాణాలో పురుగుల మాంసకృత్తులు వాడడానికి అనుమతి ఇచ్చారు.

ఇది పసుపుపచ్చగా, అంగుళం పొడవు పెరుగుతుంది. ఆపైన కదలకుండా ప్యూపాగా మారి, వారం రెండు వారాల్లో నల్లని పెంకు పురుగవుతుంది. ఆడ పెంకుపురుగు తన జీవితకాలంలో 200కు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డు మొదలు పురుగు చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి తొందర పనికిరాదు.

నున్నని గోడలున్న ప్లాస్టిక్ తొట్టి ఒకటి తీసుకోండి. నున్నటి గోడ ఇవి ఎక్కలేవు. గోధుమ తవుడును సన్నని సెగ మీద వేయించి, పూర్తిగా చల్లార్చి, మూడు వేళ్ల మందాన పరవండి. వేయిస్తే అందులో ముందే ఉన్న ముక్కపురుగులు చస్తాయి. పంజరపు పక్షులూ, రంగు చేపలూ అమ్మే దుకాణాల్లో దొరికే పిండి పురుగులను రెండు మూడు వందలు తెచ్చి అందులో వదలండి. నీళ్లు మాత్రం చిలకరించకూడదు, తవుడు బూజు పడుతుంది. తడి కోసం క్యారెట్ ముక్కో, బంగాళాదుంప ముక్కో పెట్టి, రెండో రోజున తీసి మార్చండి. మూతకు సన్నని జల్లి వేయండి. తొట్టిని స్టూలు మీద ఉంచి, స్టూలు కాళ్లు నీళ్ల పళ్లాల్లో పెడితే చీమలు రావు.

ప్యూపాలను ఏరి వేరే గిన్నెలో ఉంచాలి. లేకపోతే తక్కినవి వాటిని కొరికేస్తాయి. పెంకుపురుగులను రెండు వారాలకొకసారి జల్లించి కొత్త తవుడులోకి మార్చండి. పాత తవుడులో గుడ్లుంటాయి, పారబోయకండి. అవే మీ రాబోయే పంట. పురుగుల రెట్టను కూరపాదులకు ఎరువుగా వేయవచ్చు.

మన ఎండలే దీనికి పెద్ద గండం. 25 నుంచి 28 డిగ్రీల వేడి బాగా పడుతుంది. 35 దాటితే సరిగా ఎదగవు, చచ్చిపోతాయి కూడా. అందుకని వానలు వెనకబడ్డాక మొదలుపెట్టి, వేసవిలో ఇంట్లో చల్లని మూల, తడి గోనె నీడన ఉంచండి.

ఇక మేపడం. వారం దాటిన పిల్లలకు సన్న పురుగులు రోజుకు రెండు మూడు, పెద్ద కోడికి పది పదిహేను చాలు. పచ్చి పురుగులో మాంసకృత్తులు నూటికి 20 పాళ్ల దాకా ఉంటాయి. కొవ్వూ ఎక్కువే. సున్నం మాత్రం చాలా తక్కువ. కేవలం పురుగులే వేస్తే గుడ్డు పెంకు పలచబడుతుంది. అందుచేత గుల్లల పొడి తప్పక పెట్టండి. ఒక తొట్టితో కోళ్ల మేతంతా గడిచిపోతుందని ఆశపడకండి. ఇది నూకలకు తోడే గాని బదులు కాదు. మందూ కాదు. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే చుక్కల టీకా వేయించాల్సిందే.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఇది నిలవ ధాన్యానికి చేటు చేసే జాతి. బియ్యం డబ్బాల దగ్గర ఈ తొట్టి వద్దు. మందు చల్లిన గింజల తవుడు వద్దేవద్దు. జల్లించేటప్పుడు లేచే దుమ్ము కొందరికి తుమ్ములూ, ఆయాసమూ తెప్పిస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట జల్లించి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లో మరొకరికి అప్పగించండి.

ముందు ఒక్క తొట్టితో మొదలుపెట్టండి. తొలి పంటలో సగమే కోళ్లకు వేసి, సగం విత్తనానికి ఉంచండి. విత్తనం నిలిస్తే తొట్టి ఖాళీ కాదు.