దూలమునకు రంధ్రము

పెద్దాపురమున నేటికిని నిలిచియున్న మండువా లోగిళ్లలో పెంకుల భారము వాసముల మీదుగా దూలములకును, అచ్చటినుండి స్తంభములకును గోడలకును దిగుచుండును. అట్టి యింట విద్యుత్తు తీగలకో పంకా కొక్కెమునకో దూలమును తొలిచినప్పుడు, రంధ్రమెంత పెద్దదను ప్రశ్నకంటె, అదెచ్చట పడినదను ప్రశ్న ముఖ్యము.

భారమునకు వంగు దూలమున పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. నడిలోతున ఈ రెండును క్షీణించును గాన, అచ్చటి సన్నని రంధ్రమువలన హాని స్వల్పము. దూలపు నడిమిభాగమున అడుగు అంచును చెక్కిన గాటు మాత్రము, సాగుచున్న కొయ్యనారలనే తెగగొట్టుటచే, మిక్కిలి ప్రమాదకరము. కొయ్యముక్కతో పూడ్చినను తెగిన నార తిరిగి అతుకదు. అమెరికా గృహనిర్మాణ నియమావళి, దూలపు రంధ్రము లోతులో మూడవవంతు మించరాదనియు, అంచులకు 2 అంగుళముల లోపల ఉండరాదనియు శాసించుచున్నది. త్రికోణములుగా కూర్చిన కప్పుచట్రముల సంగతి వేరు: అందలి కొయ్యలు ఆసాంతము లాగుడునో నొక్కుడునో భరించును గాన, నడిమి రంధ్రము సయితము బలమును హరించును, కూడలి చెంత పడినది మఱింత చేటు.

దూలము క్రింద దారము బిగించి చూచిన వంపు తెలియును. రంధ్రమునుండి నారవెంట చీలిక సాగినను, చెదలు కనబడినను, వెంటనే క్రింద ఊతకఱ్ఱ నిలిపి, వానకాలమునకు ముందే ఇంజనీరునకు చూపవలసినదిగా గృహస్థులను కోరుచున్నాను.