యోగమునకు తోడు నడక



యోగమనగానే మన మనస్సునకు పద్మాసనమును ప్రాణాయామమును తోచును. కాని పతంజలి మహర్షి పేర్కొనిన యెనిమిది యంగములలో ఆసనము మూడవది, ప్రాణాయామము నాలుగవది మాత్రమే. వానికి ముందు నడవడిని చక్కబఱచు యమనియమములును, తరువాత మనస్సును లోనికి మరలించు నాలుగు మెట్లును కలవు. ఇల్లు విడిచి కొన్ని దినములు ఏకాంతస్థలమున యోగాభ్యాసము చేయువారు సైతము పగలంతయు ఆసనముపై నుండజాలరు. లేచిన పిదప మనస్సు మరల పాత చింతలలో పడకుండుటెట్లు? దీనికి పూర్వులు కనిపెట్టిన సులభోపాయము నడక. బౌద్ధభిక్షువులు దానిని చంక్రమణమని పిలిచి, ధ్యానములో భాగముగనే యెంచిరి.

“నడక మాకు నొకరు నేర్పవలయునా?” యని మీరడుగవచ్చును. న్యాయమే. పొలమునకును సంతకును కచ్చేరికిని జన్మమంతయు నడచినవారు మీరు. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవారు మీలో నెందఱో కలరు. అయితే ఆ నడకలన్నిటికిని ఒక పనియో, ఒక గమ్యమో కలదు. పొలమునకు బోవునప్పుడు కాలు గట్టుమీద నుండును. మనస్సు మాత్రము బ్యాంకు బాకీమీదనో, ఎండిన బోరుమీదనో, హద్దురాతి తగవుమీదనో యుండును. బెంగుళూరునకు పోయిన కొమారుడు మాటాడి యెన్నినాళ్లాయెనో లెక్కించుచుండును. రెండుమైళ్లు నడచినను మనము నడచినది ఆ తగవులోనే గాని చేనిలో కాదు. నేను చెప్పదలచిన నడకకు పనియు లేదు, గమ్యమును లేదు. చూచుటయే దాని పని.

ఇట్టి నడకకు మన సీమలోనే మంచి నిదర్శనము కలదు. 2022 వఱకు చిత్తూరు జిల్లాలో నుండిన మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో జన్మించిరి. ఆ పట్టణమునకు సుమారు పదిమైళ్ల దూరమున, కొండల నడిమి లోయలో, వారి భావములనుబట్టి యేర్పడిన ఋషివ్యాలీ పాఠశాల యున్నది. 1986లో మరణించువఱకు లోకమంతయు తిరిగిన ఆయన ఈ లోయకు పలుమాఱులు వచ్చి, సాయంకాలమున నడచెడివారు. ఆయన ఆసనములను శ్రద్ధతో అభ్యసించినవారే. కాని ఏ యభ్యాసమైనను శాంతిని కొనితెచ్చునని చెప్పలేదు. 1961, 62 సంవత్సరములలో వ్రాసికొనిన దినచర్యలో ఈ లోయ కొండలను, ఆకాశమును, దారిని బోవు పల్లెజనులను వర్ణించి, ఆ వెంబడినే మనస్సునుగూర్చి వ్రాసిరి. ఆ పాఠశాల పిల్లలు ప్రొద్దు గ్రుంకువేళ మౌనముగ కూర్చుండి పడమటిదిక్కు చూచు ఆచారమునకు అస్తాచలమని పేరు.

ఇది క్రొత్త సంగతి కాదు. ఆ ప్రాంతముననే తరిగొండలో పుట్టిన వెంగమాంబగారు 18వ శతాబ్దమున తిరుమల చేరి, తుంబురుకోన యడవిలో తపమాచరించెనని ప్రతీతి. రాజయోగమునుగూర్చి గ్రంథము రచించిన ఆ తల్లి, యోగమును కొండకోనలనుండి వేఱుచేయలేదు.

నడక యేల శాంతినిచ్చును? అడుగులు సమముగ పడునప్పుడు ఊపిరియు సమమగును. కన్ను దూరపు కొండను చూచునప్పుడు మనస్సును కొంత విశాలమగును. మన గుండ్లకొండలలో పసుపుపచ్చని కంఠముగల పిగిలిపిట్ట యొకటి కలదు. దక్షిణదేశపు రాతికొండలలో తప్ప అన్యత్ర కానరాదు. దానిని చూడవలెనన్న నిలిచి, కదలక, చెవియొగ్గవలయును. ఆ క్షణమున తగవు జ్ఞప్తికి రాదు. వచ్చినను, దానిని తఱుమక, పోషింపక, మరల అడుగుమీదికి దృష్టి త్రిప్పవలయును.

నడకచే బాకీ తీరదు, బోరులో నీరూరదు. ఇది నిజము. అయినను ఊరి పెద్దలగు మీయొద్దకు ఇరుపక్షములవారును న్యాయమునకై వత్తురు గదా! మనస్సు కలగియున్నవానికి ఎదుటివాని మాట సగమే వినబడును. సగము విని చెప్పిన తీర్పు రెండు కుటుంబములను తరములకొలది విడదీయును. కావున మీ శాంతి మీ యొక్కరిది కాదు, ఊరిది.

రేపటినుండి ఎండ ముదరకమునుపు అరగంట నడువుడు. ఫోను ఇంటనే యుంచుడు. చేతికఱ్ఱ తీసికొనుడు. మోకాలి నొప్పిగలవారు చదునుబాటనే పోవుడు. ఆయాసము లేని వేగమే తగిన వేగము. తుదకు ఒక చింతచెట్టు నీడను కొంతసేపు ఊరకుండి మరలుడు.

మఱియొక మనవి. ఊరి డొంకదారులు ఏటేట చేలలో కలిసిపోవుచున్నవి. వానిని కాపాడుడు. నడువ బాటయే లేనిచో, మన మనుమలకు ఈ మాట చెప్పియు ఫలమేమి? సెలవు.