సర్దుకుపోవడం అనే సబ్జెక్టు

(ఒక నర్సింగ్ స్కూలు విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను పిలిచిన టీచర్లకి, పొద్దున వార్డు డ్యూటీ చేసొచ్చి కూడా నిద్రపోకుండా కూచున్న మీకు కృతజ్ఞతలు. నిద్ర వస్తే పడుకోండి, ఏమీ అనుకోను. మూడో సంవత్సరంలో నేను కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం నేర్చుకున్నాను. అది ఏ సబ్జెక్టు క్లాసులో నేర్చుకున్నానో దాని గురించే ఇవాళ మాట్లాడతాను.

నేను 1979లో నర్సింగులో చేరాను. మాది కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. మా నాన్న కూలి పని చేసేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా పల్లెలో అంతకుముందు ఇద్దరు నర్సులయ్యారు. వాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు చెప్పులేసుకుని వీధిలో నడిచేవాళ్ళు. మా అమ్మ కళ్ళలో నర్సు ఉద్యోగమంటే ఆ చెప్పులే. పై వీధుల వాళ్ళు ‘నర్సమ్మా’ అని పిలిచే పిలుపులో ఎంత వెటకారం ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అనాటమీ నాకు నచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా ఎముకని చేత్తో పట్టుకోవచ్చు కదా. వార్డు పని నచ్చింది. మిడ్‌వైఫరీ అంటే ప్రాణం. కానీ మూడో సంవత్సరంలో ఒక సబ్జెక్టు ఉండేది, ప్రొఫెషనల్ అడ్జస్ట్‌మెంట్స్ అని. ఇప్పుడు దానికి ముందు ‘ట్రెండ్స్’ అనే మాట చేర్చారు. ఆ పేరు వినగానే మా గదిలో నరసరావుపేట అమ్మాయి అంది, “ఇదేమిటే, పెళ్ళిలో మా అమ్మ అక్కకి చెప్పిన పాఠమే కదా. అడ్జస్ట్ అయిపోవాలి, సర్దుకుపోవాలి.” అందరం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత ఏడాదంతా నవ్వు రాలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకి క్లాసు. అన్నం తిని వచ్చేవాళ్ళం. టీచరుగారు పసుపురంగుకి తిరిగిన నోట్సు తెరిచి డిక్టేట్ చేసేవారు. ఆవిణ్ణి తప్పు పట్టను. ఆవిడ మీద మూడు సబ్జెక్టులు, హాస్టలు వార్డెను పని, ఆస్పత్రి రౌండ్లు. పాఠం తయారు చేసుకునే టైము ఎవరిచ్చారు ఆవిడకి? ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1908. మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం 1926. భోర్ కమిటీ రిపోర్టు 1946. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947. మంచి నర్సుకి ఉండవలసిన గుణాలు పన్నెండు. ఆ పన్నెండులో ఓర్పు మూడు వేరు వేరు పేర్లతో వచ్చేది! డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ మంత్రాల్లా అప్పజెప్పుకునేవాళ్ళం.

అర్ధసంవత్సరం పరీక్షలో నేను ఫెయిలయ్యాను. చివరి పరీక్షలో కూడా పోతే ఆరు నెలలు ఆగాలి. ఉద్యోగం ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళ చదువు నా మొదటి జీతం కోసం చూస్తోంది. ఎముకలూ నరాలూ నేర్చుకున్న మనిషిని, కాన్పులు చేసిన మనిషిని, నాలుగు సంవత్సరాల అంకెలు నన్ను ఆపేస్తాయా అని రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఏడుపయ్యాక గూడూరు అమ్మాయి ఒక మాట అడిగింది. “నీకు ఇది విసుగా, అర్థం కాదా?” నేను కోపంగా విసుగే అన్నాను. “అయితే ఈ పేజీ తెలుగులో చెప్పు” అంది. చెప్పలేకపోయాను. ఒక్క వాక్యం కూడా. నేను విసుగు అనుకుంటున్నదాంట్లో ముప్పాతిక వంతు ఇంగ్లీషు. ఆ మాట పైకి చెప్పుకోవడం సిగ్గు గనక ‘బోరు’ అనేదాన్ని. మీలో ఎవరికైనా ఏదైనా సబ్జెక్టు బోరు కొడుతుంటే ముందు ఈ పరీక్ష చేసుకోండి. మీ అమ్మకి చెబుతున్నట్టు ఆ పేజీ చెప్పి చూడండి. చెప్పగలిగి కూడా బోరు కొడితే అప్పుడు అది నిజమైన బోరు.

ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదిన్నరకి ముగ్గురం కూచునేవాళ్ళం. రోజుకి రెండు పేజీలు, అంతే. ఒకరు ఇంగ్లీషులో చదవాలి, ఒకరు తెలుగులో చెప్పాలి, మూడో మనిషి పేచీ పెట్టాలి. పేచీ పెట్టడం నా వంతు వచ్చినప్పుడు నేను ఒకటే ప్రశ్న అడిగేదాన్ని, ఈ వాక్యం లేకపోతే ఎవరికి నష్టం అని. రిజిస్ట్రేషన్ అనేది లేకపోతే ఎవరికి నష్టం? దొంగ నర్సు చేతిలో పడే రోగికి. ఇంకా? చదువుకుని కూడా చదువుకోని వాళ్ళ జీతానికి పని చెయ్యవలసి వచ్చే మనకి. అలా పీకి చూస్తే కొన్ని పేజీలకి ప్రాణం వచ్చింది. కొన్నిటికి రాలేదు. ఆ పన్నెండు గుణాలకి ఎంత ఊపిరి పోసినా రాలేదు. వాటిని బట్టీ పట్టాం. అన్నీ ఇష్టంగానే చదవాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఇష్టం లేని అన్నం కూడా తింటాం కదా, డ్యూటీకి వెళ్ళాలి గనక.

చట్టం, నర్సు అనే పాఠంలో రికార్డులు రాయడం గురించి ఒకటిన్నర పేజీ ఉండేది. చూసింది రాయి, విన్నది విన్నట్టు రాయి, నీ అభిప్రాయం రాయకు. టైము వెయ్యి. మధ్యలో ఖాళీ గీతలు వదలకు. తప్పు రాస్తే చెరపకు, ఒక్క గీత కొట్టి సంతకం పెట్టు. వేరేవాళ్ళు చేసిన పనికి నువ్వు సంతకం పెట్టకు. ఇంతే. నరసరావుపేట అమ్మాయి దీన్ని మా చేత తెలుగులో పదిసార్లు చెప్పించింది. వాళ్ళ నాన్న కరణం దగ్గర పని చేసేవాడు. ‘ఖాళీ గీతంటే దొంగకి తలుపు’ అనేది.

పరీక్ష పాసయ్యాను. పాసు మార్కుల మీద రెండు మార్కులు.

1983లో ఉద్యోగం వచ్చింది. ఆస్పత్రి పేరు వద్దు. 1987 ఎండాకాలంలో నేను కాలిన గాయాల వార్డులో నైట్ డ్యూటీలో ఉన్నాను. ఆ రోజుల్లో ఆ వార్డులో ఎప్పుడు చూసినా మంచాలు నిండి ఉండేవి, మంచాల మీద ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ళ ఆడపిల్లలు. అందరి కేసు షీట్ల మీదా ఒకటే మాట, స్టవ్ పేలింది అని. మేం కూడా అలవాటుగా అదే రాసేవాళ్ళం. మగవాళ్ళు వంట చెయ్యరు గనక సరే, అత్తగార్లు వండేటప్పుడు ఈ స్టవ్‌లు ఎందుకు పేలవో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆ రాత్రి పదహారో మంచం మీద ఒకమ్మాయి. ఒళ్ళు సగం పైన కాలింది. తొమ్మిది పదికి పెథిడిన్ ఇంజక్షన్ ఇచ్చాను. రెండింటికి సెలైన్ మార్చి, యూరిన్ ఎంత వచ్చిందో కొలిచి రాశాను. రెండున్నర దాటాక అత్తగారు టీకి బయటికి వెళ్ళింది. ఆ అమ్మాయి నన్ను పిలిచి నీళ్ళడిగింది. దూదితో పెదవులు తడిపాను. అప్పుడు చెప్పింది, “సిస్టర్, స్టవ్ పేలలేదు. మా ఆయనే కిరసనాయిలు పోశాడు.”

నాకు చేతులు వణికాయి. ఊరి పేరు అడిగాను, చెప్పింది. ఇవాళ ఏ వారం అని అడిగాను, చెప్పింది. బల్ల దగ్గరికి వచ్చి రిపోర్టు పుస్తకంలో టైము వేశాను, 2.40. రోగి స్పృహలో ఉంది, అడిగినవాటికి సరిగా జవాబు చెప్పింది అని వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. ఆమె అన్న మాటలు ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియలేదు. తెలుగులోనే, ఆమె అన్నట్టే రాశాను. కింద సంతకం. డ్యూటీ డాక్టరుని లేపి చెప్పాను. ఆయన వచ్చి చూసి, ఔట్‌పోస్టు పోలీసులకి కాగితం పంపాడు. 3.15కి మళ్ళీ పెథిడిన్. అది కూడా రాశాను.

పొద్దున ఒక సీనియర్ సిస్టర్ పుస్తకం చూసి, “రిపోర్టులో తెలుగేంటి? ఇదంతా నీకెందుకు? రేపు కోర్టుల చుట్టూ తిరుగుతావా? చింపి మళ్ళీ రాయి” అంది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. నా మంచికే చెప్పింది. చింపకూడదని చదువుకున్నాను సిస్టర్ అన్నాను. అంతకుమించి ధైర్యం నా దగ్గర లేదు. ఆ ఒక్క వాక్యమే ఉంది, అది పరీక్ష కోసం బట్టీ పట్టింది.

పది గంటలకి మేజిస్ట్రేటు వచ్చి వాంగ్మూలం తీసుకున్నాడు. మూడో రోజు ఆ అమ్మాయి పోయింది. వరకట్న మరణం అనే 304బి సెక్షన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

1990లో నాకు సమన్లు వచ్చాయి. మా ఆయన భయపడ్డాడు, నేను అంతకంటే భయపడ్డాను. బోనులో నిలబడితే ముద్దాయి తరఫు ప్లీడరు ముందు తెలుగు పట్టుకున్నాడు. అన్నీ ఇంగ్లీషులో ఉంటే ఇదొక్కటే తెలుగులో ఎందుకుంది అన్నాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పలేదండీ అన్నాను. తర్వాత, ఇది ఆ రోజు రాసింది కాదు, తర్వాత ఇరికించింది అన్నాడు. జడ్జిగారు పుస్తకం తెప్పించుకుని చూశారు. పైన 2.00 సెలైను, కింద 3.15 ఇంజక్షను, మధ్యలో 2.40. వేలు పెట్టడానికి కూడా సందు లేదు. ఆఖరికి, పెథిడిన్ మత్తులో ఉన్న మనిషి మాట ఎలా నమ్మాలన్నాడు. తొమ్మిది పదికి ఇచ్చిన మందు, అయిదున్నర గంటల తర్వాత మాట, ఆ తర్వాతే రెండో ఇంజక్షను. నేను చెప్పనక్కర్లేకుండా పుస్తకమే చెప్పింది.

భర్తకి శిక్ష పడింది. అత్తగారిని వదిలేశారు. పై కోర్టులో ఏమయిందో నేను కనుక్కోలేదు. కనుక్కోవలసింది.

చనిపోయే మనిషి తన చావు గురించి చెప్పిన మాట సాక్ష్యమవుతుందనే నియమం పాత ఎవిడెన్స్ చట్టంలో 32వ సెక్షన్. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది 26వ సెక్షన్. ఆ మాట మేజిస్ట్రేటుకే చెప్పాలని లేదు, ఎవరితోనైనా చెప్పవచ్చు. డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన అది చెల్లకుండా పోదని 2002లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి చెప్పింది. చెప్పగలిగే స్థితిలో ఉందని విన్నవాళ్ళకి నమ్మకం కలగాలి. రాత్రి రెండున్నరకి మంచం పక్కన ఎవరుంటారు? మీరే.

ఇక రెండో సంగతి, తొందరగా చెప్పేస్తాను. మూడేళ్ళ కిందట మా బంధువులమ్మాయి ఒకతె వచ్చింది. ఎనభై పడకల ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం, పదకొండు వేల జీతం. మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వరట, రెండేళ్ళ బాండు రాసిందట. ఏడుస్తోంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒక కమిటీ వేశారని, యాభై నుంచి వంద పడకల ఆస్పత్రుల్లో నర్సు జీతం ప్రభుత్వ నర్సు జీతం కంటే పాతిక శాతానికి మించి తగ్గకూడదని, యాభై పడకల లోపు ఆస్పత్రిలోనైనా ఇరవై వేలకి తగ్గకూడదని ఆ కమిటీ చెప్పిందని తనకి చెప్పాను. అవి సిఫారసులే. చాలాచోట్ల గోడమీద కాగితాలుగా కూడా లేవు. కానీ ఆ అమ్మాయి అలాంటిదొకటి ఉందనే వినలేదు. నీ సిలబస్‌లో చెప్పలేదా అంటే, “ట్రెండ్స్‌లో ఉండి ఉంటుంది ఆంటీ, అది పరీక్ష ముందు రాత్రి చదివాం” అంది. నాకు నవ్వొచ్చింది, బాధా కలిగింది. ఇద్దరం కూచుని ఆస్పత్రికి ఉత్తరం రాశాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు నావి, తిరిగి ఇవ్వండి అని, తేదీ వేసి, నకలు దగ్గర పెట్టుకుని, ఇచ్చినట్టు సంతకం తీసుకుని. అదీ రికార్డు రాయడమే. పదిహేను రోజులకి ఇచ్చారు. బాకీ జీతం మాత్రం ఇవ్వలేదు.

పొద్దున ఇక్కడికి రాగానే ఒకమ్మాయి గుమ్మం దగ్గర ఆపి మెల్లిగా అడిగింది, “మేడమ్, ట్రెండ్స్‌లో ముఖ్యమైన ప్రశ్నలు ఏవి?” అని. అందరి ముందూ చెబుతానన్నాను. రికార్డ్స్ అండ్ రిపోర్ట్స్ చూసుకోండి, అది తరచు వస్తుంది. మా బ్యాచికి కూడా వచ్చింది. తెలుగులో నోటికి పదిసార్లు చెప్పానుగానీ ఇంగ్లీషులో రాయడానికి భయమేసి, నేను దాన్ని ఛాయిస్‌లో వదిలేసి, మంచి నర్సుకి ఉండవలసిన పన్నెండు గుణాలు రాశాను.